కలిమేర: ఇటలీ దేశపు కొసను ఒక గ్రీకు ఊరు
(మన సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



కార్యదర్శిగారు నన్ను ప్రసంగింపుమని కోరుచు విషయ నిర్ణయమును నాకే విడిచిరి. ఇటలీ దేశమనగానే మనకు రోము, వెనిసు, ఫ్లారెన్సు నగరములు స్ఫురించును. వానిని గుఱించి తెలుగులోనే యాత్రాచరిత్రలు, వ్యాసములు వచ్చినవి. నేడు నేను మనవి చేయదలచినది పటములో వేలుపెట్టి వెదకవలసిన ఒక చిన్న ఊరిని గుఱించి. దాని పేరు కలిమేర. అచ్చట చూడదగిన మహాసౌధములు లేవు, చక్రవర్తులు పుట్టలేదు. అయినను స్వస్థలమును విడిచి, పరభాషా ప్రాంతమున కాపురముండి, ఇంటిలో ఒక భాషయు వీధిలో ఒక భాషయు మాటలాడుకొను మనవంటి వారికి ఆ ఊరి కథ వినదగినదని నా విశ్వాసము.

ఇటలీ దేశము బూటు ఆకారమున నుండునని బడిపిల్లలకు సహితము తెలియును. ఆ బూటు మడమయే సలెంతో అను ప్రాంతము. ఒకవైపు ఆడ్రియాటిక్ సముద్రము, మఱియొకవైపు అయోనియను సముద్రము. ఆ మడమకు ముఖ్య పట్టణము లెచ్చే. దానికి దక్షిణముగా సుమారు 15 కిలోమీటర్ల దూరమున కలిమేర యున్నది. జనసంఖ్య ఏడు వేలకు మించదు. ఎఱ్ఱమన్ను, సున్నపు ఱాయి, పొలముల చుట్టును గారలేకుండ పేర్చిన ఱాతిగోడలు, ఎటు చూచినను ఆలివ్ తోటలు, ఇదియే ఆ సీమ స్వరూపము. నదులు లేవు. వాన నీరంతయు సున్నపు ఱాతి పగుళ్లలో భూమిలోనికి దిగిపోవును.

ఈ ఊరి ప్రత్యేకత దాని పేరులోనే కలదు. గ్రీకు భాషలో 'కలిమేర' యనగా 'శుభదినము'. గ్రీసు దేశమున నేటికిని ప్రొద్దుట ఒకరికొకరు ఎదురైనప్పుడు చెప్పుకొను మాట యిదియే. పండితులు ఆ పేరునకు వేఱు వ్యుత్పత్తులను వెదకిరి గాని, ఊరివారికి మాత్రము తమది 'శుభోదయ' గ్రామమే. ఇటలీ గడ్డమీద గ్రీకు పేరుతో నున్న యీ ఊరిలో తరతరములుగా జనులు గ్రీకు భాషనే మాటలాడిరి. ఆ భాషను వారు 'గ్రీకో' అందురు. కలిమేర, మర్తానో, స్తెర్నతియా, కొరిల్యానో మొదలుగా గల తొమ్మిది ఊళ్లు ఈ భాషకు నెలవులు. ఆ తొమ్మిదింటిని కలిపి 'గ్రెచీయా సలెంతీనా', అనగా సలెంతో ప్రాంతపు గ్రీకుసీమ, అని వ్యవహరింతురు.

గ్రీకులు అచ్చటికి ఎప్పుడు వచ్చిరి? ఈ ప్రశ్నమీద పండితులు నూఱేండ్లకు పైగా వాదించుకొనిరి. క్రీ.పూ. 8వ శతాబ్దము నుండియు గ్రీకులు దక్షిణ ఇటలీ తీరములకు వలసవచ్చి పట్టణములు కట్టుకొనిరి. స్పార్టా వారు స్థాపించిన తరాస్ నగరమే నేటి తరంతో. రోమనులు తరువాత ఆ దేశమునంతయు జయించిరి. క్రీ.శ. 6వ శతాబ్దము మొదలు, మధ్య మధ్య తెంపులతో, 11వ శతాబ్దము వరకు ఆ సీమ కాన్‌స్టాంటినోపిలు చక్రవర్తుల యేలుబడిలో నుండెను. 1071లో బారి నగరము నార్మనుల వశమగుటతో ఆ యేలుబడి ముగిసెను. 1870లో జుసెప్పె మొరోసి అను ఇటాలియను పండితుడు ఈ భాషను పరిశీలించి, ఇది ఆ మధ్యయుగపు వలసలవలన వచ్చినదే యని వ్రాసెను. గెర్హార్డ్ రోల్ఫ్స్ అను జర్మను పండితుడు దీనిని ఖండించెను. ఆయన పల్లె పల్లెకు తిరిగి రైతుల నోట మాటలను సేకరించి, ఇందు ప్రాచీన గ్రీకు వలసల నాటి పదములును, రూపములును నిలిచియున్నవని వాదించెను. ప్రాచీనమైన వేరు మీద మధ్యయుగమున క్రొత్త చిగురు వేసినదని సమన్వయించు వారును కలరు. ఏ పక్షము నిజమైనను, వేయేండ్లకు తక్కువ కాకుండ ఆ భాష పరాయి గడ్డమీద బ్రతికినదనుటలో వివాదము లేదు.

అన్నియేండ్లు అదెట్లు బ్రతికెను? నా కొక కారణము ముఖ్యముగా తోచును. నార్మనులు వచ్చిన పిమ్మట కూడ ఆ ఊళ్లలో చర్చి పూజలు గ్రీకు పద్ధతిననే, గ్రీకు భాషలోనే జరిగినవి. పూజారులు గ్రీకు అక్షరములు నేర్చినవారు. సమీపమున ఓత్రాంతో రేవు చెంత కసోలె అను చోట గ్రీకు సన్యాసుల మఠమును, ప్రసిద్ధమైన గ్రంథాలయమును ఉండెడివి. 1480లో ఒట్టోమను తురుష్కులు ఓత్రాంతోపై దండెత్తినప్పుడు ఆ మఠము ధ్వంసమయ్యెను. పిమ్మట 16, 17 శతాబ్దములలో చర్చి అధికారులు గ్రీకు పూజా పద్ధతిని తొలగించి లాటిను పద్ధతిని నెలకొల్పిరి. అంతటితో గ్రీకు చదువుటయు, వ్రాయుటయు పోయినవి. మాట మాత్రము మిగిలెను. అటుపిమ్మట గ్రీకో భాష అక్షరములేని భాషయై, నాగలి దున్నువాని నోటను, రొట్టె కాల్చు తల్లి నోటను నిలిచెను. తరువాతి కాలమున దానిని వ్రాయదలచినవారు లాటిను అక్షరములలో వ్రాసికొనిరి. మన తమిళనాటి తెలుగువారిలో ననేకులు ఇంట తెలుగు మాటలాడుచును తెలుగు అక్షరము చదువలేక, అవసరమైనప్పుడు తమ మాటను తమిళ లిపిలో వ్రాసికొనుట మీలో కొందఱకు తెలిసియే యుండును. రెండు చోట్లను కథ ఒక్కటియే.

భాషా విషయమున మనకు ముచ్చట గొలుపు సంగతి యొకటి కలదు. తెలుగు మాటలు అచ్చులతో ముగియుటను బట్టి కొందఱు పాశ్చాత్యులు మన భాషను 'తూర్పుదేశపు ఇటాలియను' అని మెచ్చుకొనిరి గదా! గ్రీకు భాషలో పదాంతమున 'స్' అను హల్లు తఱచుగా వచ్చును. ఇటాలియను నేలమీద బ్రతికిన గ్రీకో ఆ హల్లును విడిచిపెట్టెను. మనుష్యుడను అర్థము గల 'ఆంథ్రోపొస్' గ్రీకో నోట 'ఆంత్రెపొ' యయ్యెను. ఇరుగుపొరుగు భాషతో సహవాసము చేసి తానును అజంతమువైపు మొగ్గినదన్నమాట. అయినను నేటి గ్రీసు దేశీయులు పోగొట్టుకొనిన కొన్ని ప్రాచీన వ్యాకరణ రూపములను అది దాచుకొన్నది. గ్రీసులో తుమున్నర్థక రూపము వాడుకనుండి తొలగిపోగా, ఇచ్చట 'చేయగలను, రాగలను' వంటి ప్రయోగములలో అది నిలిచియున్నది. ఇల్లు విడిచి వెళ్లినవాడు ఇంటివారు మఱచిన తాతనాటి మాటను జ్ఞాపకముంచుకొనుట లోకమున నున్నదే.

ఇక ఆ ఊరివారి జీవనమును గుఱించి రెండు మాటలు. కలిమేర వారు పూర్వము బొగ్గు కాల్చుటయందు పేరుపడినవారు. అడవిలో కట్టెను పేర్చి, మన్ను కప్పి, సన్నని సెగమీద రోజుల తరబడి కాల్చి బొగ్గు చేయుట వారి వృత్తి. ఆలివ్ నూనె, గోధుమ, తరువాత పొగాకు ఇతర జీవనాధారములు. పొగాకు ఆకులను గ్రుచ్చుట, ఆరబెట్టుట, గోదాములలో వేఱుచేయుట స్త్రీల పని. 1960 జూన్ 13న కలిమేరలోని ఒక పొగాకు గోదామున పురుగుమందు అంటుకొని పేలగా ఆఱుగురు పనికత్తెలు మరణించిరి. ఆ ఊరివారు ఆ దినమును నేటికిని మఱువలేదు.

కష్టముతో పాటు పండుగలును కలవు. ఊరి వెలుపల సాన్ వీతో పేర ఒక చిన్న గుడి యున్నది. దాని నడుమ నేలనుండి పైకి వచ్చిన పెద్ద బండ, ఆ బండకొక రంధ్రము. ఈస్టరు మఱునాటి సోమవారమున ఊరి జనమంతయు అచ్చటికి పోయి, ఆ యిఱుకు రంధ్రములో నుండి దూఱి యావలికి వత్తురు. అట్లు దూఱినవారికి సంతానమును, మేలును కలుగునని నమ్మకము. ఈ ఆచారము క్రైస్తవమతమునకు పూర్వపుదని పరిశోధకుల యూహ. బండను తొలగింపక, దానిచుట్టును గుడి కట్టిన ఆ పూర్వుల విజ్ఞత మెచ్చదగినది. జూన్ నెలలో సాన్ లుయీజీ పండుగకు రెల్లుపుడకలతోను, పలుచని రంగు కాగితములతోను నక్షత్రములు, ఓడలు, పక్షులు మున్నగు ఆకారముల లాంతర్లను చేసి వీధులలో వ్రేలాడగట్టుదురు. మన పిల్లలు సంక్రాంతికి గాలిపటములు కట్టునంతటి యుత్సాహముతో అచ్చటి యువకులు వారములకొలది కూర్చుండి వానిని చేయుదురు.

మట్టల ఆదివారమునకు ముందటి దినములలో గాయకులు జట్లుగా బయలుదేఱి, ఇంటింట, తోట తోటను క్రీస్తు శ్రమల గాథను గ్రీకోలో పాడెదరు. ఇద్దఱు వంతులవారీగా పాడుదురు. ఒకడు అకార్డియను వాయించును. మఱియొకడు రిబ్బనులు, నారింజపండ్లు కట్టిన ఆలివ్ కొమ్మను పట్టుకొనును. గృహస్థులు గ్రుడ్లో, జున్నో యిచ్చి పంపుదురు. మన ఊళ్లలో సంక్రాంతి నెలయందు హరిదాసు వచ్చి పాడుట చూచినవారికి ఈ దృశ్యము క్రొత్త కాదు.

మరణ సమయమున స్త్రీలు పాడు శోకగీతములకు 'మొరొలోయా' యని పేరు. చేతిరుమాళ్లను ఊపుచు, మృతుని గుణములను వర్ణించుచు, వృత్తిగా ఏడ్చు స్త్రీలు కూడ ఉండెడివారు. 1960లో చెచీలియా మంజీని అను చలనచిత్ర దర్శకురాలు పొరుగూరైన మర్తానోలో ఈ శోకగీతములను చిత్రించి 'స్తెందలీ' అను లఘుచిత్రమును తీసెను. అప్పటికే ఆ ఆచారము కడపటి దశయందుండెను.

అక్షరము పోయిన ఈ భాషకు మరల అక్షరభిక్ష పెట్టిన మహనీయుడు వీతో దొమెనికో పలుంబో. ఆయన 1854లో కలిమేరలోనే జన్మించి, విద్వాంసుడై, ఉపాధ్యాయుడై, తన ఊరి ముసలివారి యొద్ద కూర్చుండి కథలను, పాటలను, సామెతలను వ్రాసికొనెను. స్వయముగా గ్రీకోలో కవిత్వము చెప్పెను. ఇతర యూరోపు కవుల రచనలను గ్రీకోలోనికి అనువదించెను. 'ఇది నాగలి దున్నువారి మాట, దీనికి సాహిత్యమెక్కడిది?' అనువారికి ఆయన కృషియే సమాధానము. ఆయన రచించిన ప్రేమగీత మొకటి 'కలినిఫ్త', అనగా 'శుభరాత్రి', అను పేర నేటికిని ఆ సీమయంతట ప్రతి నోటను పలుకుచున్నది. శుభోదయపు ఊరి కవి శుభరాత్రి పాటతో నిలిచిపోవుట విచిత్రము. ఆయన 1918లో కీర్తిశేషుడయ్యెను.

మహాశయులారా, ఇంతవరకు చెప్పినది ఆ భాష బ్రతికిన కథ. ఇక క్షీణించిన కథను వినుడు.

1861లో ఇటలీ ఏకరాజ్యమయ్యెను. బడులు వచ్చినవి, బడిలో ఇటాలియను భాషయే. సైన్యములోను, కచ్చేరిలోను అదియే. 1922 తరువాతి ఫాసిస్టు ప్రభుత్వము ప్రాంతీయ భాషలను చిన్నచూపు చూచెను. అయినను ఇంటిలో గ్రీకో నిలిచియే యుండెను. దాని వెన్ను విఱిచినది రెండవ ప్రపంచ యుద్ధానంతరపు పేదఱికమును, వలసయును. 1946లో ఇటలీ ప్రభుత్వము బెల్జియముతో నొక ఒడంబడిక చేసికొని, బొగ్గునకు ప్రతిగా కూలీలను గనులకు పంపెను. 1956 ఆగస్టు 8న బెల్జియములోని మార్సినెల్ గనిలో అగ్నిప్రమాదము సంభవించి 262 మంది మరణించిరి. వారిలో 136 మంది ఇటాలియనులు. సలెంతో సీమనుండియు పురుషులు బెల్జియము, స్విట్జర్లాండు, జర్మనీ దేశములకు వేలకొలదిగా తరలిపోయిరి. పెట్టె పట్టుకొని రైలెక్కు భర్తను జూచి భార్య పడు వేదనను కలిమేర వాసియైన ఫ్రాంకో కొర్లియానో 1970 దశకమున గ్రీకోలో పాటగా వ్రాసెను. 'క్లామ', అనగా 'రోదనము', అని దాని పేరు. గ్రీసు దేశపు ప్రసిద్ధ గాయని మరియా ఫరందూరి ఆ పాటను పాడగా అది సముద్రము దాటి మాతృదేశమునకు సైతము చేరెను.

ఊరిలో మిగిలిన తలిదండ్రులు ఏమి చేసిరి? తమ పిల్లలు బడిలో వెనుకబడరాదని, పట్నములో ఉద్యోగము సంపాదించవలెనని, 'గ్రీకో కూలివాని భాష' యని నలుగురు నవ్వరాదని, పిల్లలతో ఇటాలియనులో మాటలాడ నారంభించిరి. తాము తమలో తాము గ్రీకోలో మాటలాడుకొనుచు, పిల్లవానివైపు తిరిగి భాష మార్చిరి. ఏ రాజును ఆజ్ఞాపింపలేదు. ఏ శాసనమును నిర్బంధింపలేదు. వేయేండ్లలో తురుష్కుల దండయాత్రయు, చర్చి శాసనమును చేయలేని పనిని తలిదండ్రుల వాత్సల్యము ఒక్క తరములో చేసెను. వారిని నిందించుటకు నాకు నోరు రాదు. బిడ్డ మేలునకే వారట్లు చేసిరి. కాని ఫలితము మాత్రము మన కన్నులయెదుట నున్నది. నేడు గ్రీకోను ధారాళముగా మాటలాడువారు ముఖ్యముగా వృద్ధులు. ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతిక సంస్థ దానిని తీవ్రముగా ప్రమాదములో నున్న భాషల పట్టికలో చేర్చినది.

ప్రభుత్వోద్యోగులమైన మనము గమనింపదగిన విషయమొకటి కలదు. 1948 జనవరి 1న అమలులోనికి వచ్చిన ఇటలీ రాజ్యాంగపు 6వ అధికరణము, భాషాపరమైన అల్పసంఖ్యాకులను తగిన శాసనములతో రక్షింపవలెనని చెప్పుచున్నది. ఆ 'తగిన శాసనము' వచ్చినది 1999 డిసెంబరులో! నడుమ 51 సంవత్సరములు గడచినవి. ఫైలు కదలుటకు పట్టు కాలమును ఎఱిగిన మనకు ఇది ఆశ్చర్యము కలిగింపకపోవచ్చును. కాని ఆ ఫైలు బల్లమీద నున్నంత కాలములో ఒక తరము గతించెను. 482వ సంఖ్య గల ఆ చట్టము గ్రీకుతో సహా పండ్రెండు భాషా సముదాయములను గుర్తించి, బడులలోను, పురపాలక కార్యాలయములలోను వానికి స్థానమిచ్చెను. అది మేలే. కాని బడిలో గ్రీకో వచ్చునప్పటికి ఇంటిలో అది చాలవఱకు వెళ్లిపోయియుండెను.

పునరుద్ధరణ ప్రయత్నములు లేకపోలేదు. కలిమేరలో స్థానిక సాంస్కృతిక కార్యకర్తలు రైతుల పనిముట్లను, గృహోపకరణములను సేకరించి ఒక పాత ఇంటిలో ప్రదర్శనశాల నెలకొల్పిరి. 1998 నుండి మెల్పిన్యానో ఊరిలో ప్రతి ఆగస్టునను జరుగు 'తరంతా రాత్రి' సంగీతోత్సవమునకు అసంఖ్యాకముగా జనులు వచ్చుచున్నారు. గ్రీకో పాటలను కలిసి పాడుచున్నారు. పాట నేర్చినవారందఱకును మాట రాదు. వేదికమీద భాష వెలుగుచున్నది; వంటయింటిలో ఆఱిపోవుచున్నది. ఆ సీమకు మఱియొక కష్టమును వచ్చినది. 2013లో గుర్తింపబడిన ఒక సూక్ష్మజీవి వ్యాధివలన సలెంతోలోని ఆలివ్ చెట్లు లక్షల సంఖ్యలో ఎండిపోయినవి. వానిలో శతాబ్దముల నాటి వృక్షములును ఉండెను.

అయినను ఇట్టి ఊరు దేశమునకు ఏమి యిచ్చెను అని యడుగువారికి ఒక్క పేరు చెప్పెదను. అంతోనియో మొంతినారో. 1962లో కలిమేరలో పుట్టి, పోలీసు ఉద్యోగమున ప్రవేశించి, సిసిలీ ద్వీపమున మాఫియా ముఠాలను ఎదుర్కొనిన న్యాయాధికారి జొవాన్నీ ఫల్కోనేకు అంగరక్షక దళ నాయకుడయ్యెను. 1992 మే 23న పలెర్మో నగర సమీపమున కపాచి యొద్ద రహదారి క్రింద దాచిన ప్రేలుడు పదార్థములను దుండగులు ప్రేల్చిరి. ముందు కారులో నున్న మొంతినారోయు, అతని ఇద్దఱు సహచరులును, వెనుక కారులోని ఫల్కోనేయు, ఆయన భార్యయు మరణించిరి. మొంతినారో వయస్సు ముప్పది నిండలేదు. భార్యయు, ఇద్దఱు పసిబిడ్డలును ఉండిరి. తన భాష మాటలాడని సీమలో, తన ఊరు కాని ఊరిలో, విధి నిర్వహణమున ప్రాణమిచ్చినవాడతడు. చిన్న భాషను ప్రేమించుటకును, పెద్ద దేశమును సేవించుటకును విరోధము లేదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనమేల?

కలిమేర ఉద్యానవనమున ఒక ప్రాచీన గ్రీకు సమాధిశిల కలదు. ఏథెన్సు నగరము వారు 1960లో ఆ ఊరికి కానుకగా పంపిరి. దానికై కట్టిన చిన్న మంటపముమీద ఊరివారు గ్రీకో భాషలో ఒక వాక్యము చెక్కించిరి. ఈ కలిమేరలో నీవు పరాయిదానవు కావు అని దాని భావము. ఏథెన్సునుండి వచ్చిన శిలతో వారాడిన మాట అది. కాని నేడు ఆ వాక్యమును తమ మనుమలకు అర్థము చెప్పవలసిన స్థితి వారికి వచ్చినది. శిల పరాయిది కాలేదు, భాషయే పరాయిదగుచున్నది.

మన తెలుగునకు అట్టి గతి పట్టునని నేను భయపెట్టుట లేదు. కోట్లకొలది జనులు మాటలాడు భాష మనది. రాష్ట్రములు, విశ్వవిద్యాలయములు దానికి అండగా నున్నవి. 1956లో మన రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. కాని భాష కోట్లమందిలో బ్రతికినను, ఒక్కొక్క కుటుంబములో చచ్చిపోవచ్చును. బదిలీలమీద బదిలీలతో తిరుగు మన క్వార్టర్లలో అట్టి కుటుంబములు లేవా? తాతగారి ఉత్తరము చదువలేని మనుమడు, అమ్మమ్మ చెప్పు కథకు అనువాదము కోరు మనుమరాలు మనకు క్రొత్తవారా? హిందీ నేర్చికొనవలసినదే, ఇంగ్లీషు నేర్చికొనవలసినదే. కలిమేర పిల్లలకు ఇటాలియను నేర్పుట తప్పు కాదు. దానికొఱకు గ్రీకోను మాన్పించుటయే తప్పు. పసివాని నోటిలో రెండు మూడు భాషలకు చోటు చాలదనుకొనుట పెద్దల భ్రమ.

కావున నా విన్నపము చిన్నది. మన సంఘము ఏటేట జరుపు నాటకములు, పద్యపఠనములు, ఉగాది సభలు శోభాయమానములే. కాని వేదికమీద భాష వెలుగుటతో తృప్తి పడవలదు. రాత్రి భోజనము చేయునప్పుడు పిల్లలతో తెలుగులో మాటలాడుడు. సెలవు దినములలో అరగంట కూర్చుండబెట్టి అక్షరములు దిద్దించుడు. ఊరిలోని పెద్దలకు వారిచేతనే నాలుగు పంక్తులు వ్రాయించుడు. ఇందుకు చందా అక్కఱలేదు; గ్రాంటు అక్కఱలేదు; ఏ మంత్రిత్వశాఖ అనుమతియు అక్కఱలేదు.